మా కరివేపాకు మొక్కని కాపాడిన పెద్దాయనకి

పాప పుట్టి ఇవాళ్టికి 12 రోజులు. సౌత్ డకోటా రాష్ట్రం సూ ఫాల్స్‌లో ఆసుపత్రి ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, దాని పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నాను. టైమ్ రాత్రి రెండున్నర. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా ఊరివాళ్ళ కోసం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి పెట్టాను. కానీ కడుపులో ఉన్నది తెలుగులో తప్ప బయటికి రావడం లేదు. ఆయన ఇది చదవలేడు. అయినా రాయాలి.

మేముండేది అయోవా రాష్ట్రంలో వాయవ్య మూల. ఊళ్ళో ఆరువందల మంది కూడా ఉండరు. ధాన్యం నిల్వచేసే ఒక గ్రెయిన్ ఎలివేటర్, ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు, ఊరి పేరు రాసిన నీళ్ళ ట్యాంకు. మా ఆయన ఇథనాల్ ప్లాంటులో ఇంజనీరు. ఊళ్ళో అద్దెకి ఇల్లు దొరక్క, నాలుగు మైళ్ళ అవతల పొలాల మధ్య ఒక పాత రైతు ఇల్లు తీసుకున్నాం. చుట్టూ మొక్కజొన్న, సోయా, పందుల షెడ్లు. మైలుకో కంకర రోడ్డు, స్కేలు పెట్టి గీసినట్టు. మనిషి కనపడని ఆ రోడ్లకి కూడా 'మూడువందల అరవయ్యో వీధి' లాంటి పేర్లుంటాయి. వచ్చిన కొత్తలో ఎందుకివి అనుకునేదాన్ని. ఆ రాత్రి ఫోన్లో ఆ నంబరు చెప్పగలిగాను కాబట్టే మనుషులు మా దగ్గరికి రాగలిగారు.

నాకు 34వ వారం. 37 రాగానే సూ ఫాల్స్ వెళ్ళి హోటల్లో ఉందామని ప్లాన్. ఇక్కడ దూరాన ఉండే గర్భిణులు చాలామంది చేసేది అదే. ఆ రోజు పొద్దుటి నుంచే బ్లిజార్డ్, మంచు తుఫాను. రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది, దాంతో హీటరు ఆగింది. గాలితో కలిపి చలి మైనస్ 40. ఆ అంకె దగ్గర ఫారెన్‌హీటయినా సెల్సియస్ అయినా ఒకటే. దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. పదకొండున్నర దాటాక ఉమ్మనీరు పోయింది.

మాకు 14 మైళ్ళలో ఆసుపత్రి ఉంది. 25 మంచాలది. పల్లె ఆసుపత్రులు మూతపడకుండా 1997లో తెచ్చిన చట్టం కింద నడిచేవాటిలో ఒకటి. కానీ అందులో కాన్పుల వార్డు మేం రాకముందే ఎత్తేశారు. కాన్పులు తక్కువ, ఖర్చు ఎక్కువ అట. అమెరికా పల్లెల్లో దాదాపు సగం కాన్పులకి డబ్బు కట్టేది మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ వైద్య బీమా, అదేమో అసలు ఖర్చుకి సరిపోదు. లెక్క నాకూ అర్థమవుతుంది. కానీ 70 మైళ్ళ దూరం, ఆ మంచు, తడిసిన చీకట్లో నేను. ఆ లెక్కలో ఇవన్నీ ఎవరు వేశారు? ఫోన్లో డాక్టరు, ఇక్కడికి రావద్దు, నేరుగా సూ ఫాల్స్ వెళ్ళండి అన్నాడు. ఆ గాలిలో హెలికాప్టర్ లేవదు.

అంబులెన్సు వచ్చింది. అందులో ఇద్దరు. ఒకావిడ స్కూల్లో వంట చేస్తుంది, కుర్రాడు ఎలివేటర్లో పనిచేస్తాడు. ఇద్దరూ వాలంటీర్లు. పేజర్ మోగితే మంచం దిగి వస్తారు. మా నరసరావుపేట పక్క పల్లెకి కూడా 108 వస్తుంది, 2005 నుంచి ఉన్న బండి అది. ఇక్కడ అంబులెన్సు ఖర్చులకి ఊరివాళ్ళు ఆదివారం ప్యాన్‌కేకులు వేసి చందాలు పోగుచేస్తారు. అయోవాలో అంబులెన్సుని అత్యవసర సేవగా ప్రకటించుకుని పన్ను వేసుకునే వీలు కౌంటీలకి, అంటే మన జిల్లాల్లాంటివాటికి, 2021లో చట్టం ఇచ్చింది, అది కూడా జనం ఓటేసి ఒప్పుకుంటేనే. సరే, ఇది ఇప్పుడు ఆపుతాను. పాప పక్కన కూర్చుని కోపం తెచ్చుకోకూడదు.

అసలు చెప్పాల్సింది ఆయన గురించి.

రాత్రి ఎనిమిదికే ప్లౌలని, అంటే మంచు తోసే పెద్ద లారీలని, కౌంటీ వెనక్కి పిలిచేసింది. డ్రైవర్ల ప్రాణాలకే ప్రమాదమని. ప్లౌ ముందు నడవకపోతే అంబులెన్సు కదలదు. అంబులెన్సులు పంపే డిస్పాచ్ వాళ్ళు ఒక డ్రైవరుకి ఫోన్ చేశారు. 14 గంటల డ్యూటీ చేసి ఇంటికెళ్ళి పడుకున్న మనిషి. డెబ్బైకి దగ్గర పడ్డ రైతు. పొలం కొడుక్కిచ్చేసి చలికాలం ప్లౌ నడుపుతాడు. రానని చెప్పే హక్కు ఆయనకుంది. ఒంటిగంటన్నరకి మా వాకిట్లో ఆయన పసుపు లైటు తిరుగుతూ కనిపించింది.

నాలుగు గంటలు. ఎండాకాలంలో గంటంపావులో వెళ్ళే దారి. నేను వెనక పడుకుని ఉన్నాను. నాకు తెలిసిందల్లా ముందు అద్దంలోంచి ఆ పసుపు లైటు. అది తెల్లటి గాలిలో మాయమైనప్పుడల్లా అంబులెన్సు ఆగేది. మళ్ళీ కనపడేది, మళ్ళీ కదిలేది. ఒకచోట మంచు రోడ్డుకి అడ్డంగా గోడలా పేరుకుపోయింది. ఆయన వెనక్కి వచ్చి గుద్దాడు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ. నాలుగోసారికి దారి వచ్చింది. వంటావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆయన దున్నేస్తాడమ్మా, జీవితమంతా చేసిన పని అదే" అంది.

ఆయన డ్యూటీ హైవే వరకే. అక్కణ్ణించి రాష్ట్రం ప్లౌ రావాలి, రాలేదు. ఆయన తిరిగి వెళ్ళలేదు. బిగ్ సూ నది వంతెన దాకా వచ్చాడు. ఆ నదే అక్కడ రెండు రాష్ట్రాలకి హద్దు. వంతెన అవతల సౌత్ డకోటా ప్లౌ లైటు వెలుగుతూ నిలబడి ఉంది. మా ఆయన దిగి థాంక్స్ చెప్పబోతే, "ముందు వెళ్ళండి" అన్నాడట. అంతే. మేం ఐదున్నరకి చేరాం. ఆరూ రెండుకి పాప పుట్టింది. రెండు కిలోలకి కాస్త తక్కువ.

ఇంతవరకూ నేను ఏడవలేదు. నిజంగా. ఊపిరికి సాయపడే సీపాప్ మిషను పెట్టినప్పుడు, పాప ముఖం సగం గొట్టాలతో కప్పేసినప్పుడు కూడా ఏడవలేదు. ఏడిస్తే మళ్ళీ ఆపలేనేమో అని భయం.

మూడో రోజు మా ఆయన ఫోనుకి ప్లౌ పెద్దాయన మెసేజ్ వచ్చింది. వంటావిడ దగ్గర నంబరు తీసుకున్నాడట. కరెంటు లేని ఇంట్లో పైపులు గడ్డకట్టి పగులుతాయని ఆ మర్నాడే మా ఇంటికి వెళ్ళాడు. మేం తలుపు తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తాం. నీళ్ళు కట్టేసి, పైపులు ఖాళీ చేశాడు. హీటరుకి గ్యాసిచ్చే ప్రొపేన్ ట్యాంకు ముల్లు చూసి, అడుగంటిందని నింపించాడు. చివర్లో ఒక ఫోటో, రెండు వాక్యాలు. "కిటికీ దగ్గర మొక్క చలికి వాలిపోయింది, మా ఇంటికి తెచ్చాను. ఏం మొక్కో నాకు తెలీదు, నీళ్ళెన్ని పోయాలో చెప్పండి."

అది నా కరివేపాకు. మూడేళ్ళ కిందట ఒమాహాలో ఒక తెలుగావిడ ఇచ్చిన పిలక. ప్రతి చలికాలం బతుకుతుందో లేదో అని దాని చుట్టూ తిరుగుతాను. ఫోటోలో అది వాళ్ళ బేస్‌మెంటులో పాత పేపర్ల మీద ఉంది. పైన కోడిపిల్లలకి పెట్టే ఎర్ర దీపం వేలాడదీశాడు. ఒంగిపోయిన కొమ్మకి పుల్ల దన్నుపెట్టి, గడ్డికట్టలు కట్టే నారింజ రంగు తాడుతో, బిగించకుండా, కొమ్మ కోసుకుపోకుండా వదులుగా కట్టాడు. మా నాన్న పెరట్లో నిమ్మ మొక్కకి కట్టేది అచ్చం ఇలాగే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలీదు. ముడి మాత్రం ఒకటే.

అప్పుడు ఏడ్చాను. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది, పాపకేమైనా అయిందేమో అని. మొక్క అని చెప్తే ఆవిడకేం అర్థమవుతుంది. ఫోటో చూపించాను. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

డీజిల్ డబ్బులు, ప్రొపేన్ డబ్బులు ఇస్తామంటే వద్దన్నాడు. పేరు రాస్తానంటే అసలే వద్దన్నాడు, అందుకే రాయడం లేదు. అయ్యా, మీరు మా పాపకి దారి తవ్వారు. నా పెరడుని మీ ఇంట్లో పెట్టుకున్నారు. మీ రుణం నేనెలా తీర్చుకోను.

మా ఆయన సంగతి వేరే చెప్పక్కర్లేదు, 12 రోజులుగా కుర్చీలోనే నిద్ర. అక్కా బావా డాలస్ నుంచి వచ్చి వారం ఉన్నారు. అమ్మకి వీసా తేదీ ఇంకా రాలేదు, రోజూ వీడియో కాల్లో పాపకి దిష్టి తీస్తోంది. అందరికీ తెలిసిందే.

అయ్యో, చర్చి ఆడవాళ్ళని మర్చిపోయాను. మేం మాంసం తినమని ఎవరో చెప్పినట్టున్నారు, బంగాళదుంపల క్యాసరోల్ ఆరు ట్రేలు చేసి మా ఫ్రీజర్లో పెట్టారట. ప్లాంటులో మా ఆయన షిఫ్టులు పంచుకున్న నలుగురికి థాంక్స్. పందుల ప్లాంటులో పనిచేసే గ్వాటెమాలా కుటుంబం పాప కోసం అల్లిన టోపీ పంపింది, ఇప్పుడు అదే దాని తల మీద ఉంది. సూ ఫాల్స్‌లో ముక్కూ మొహం తెలియని తెలుగు దంపతులు రోజు మార్చి రోజు చారన్నం, పెరుగు తెస్తున్నారు. వదినా, ఆ స్టీలు డబ్బాలు కడిగి పెట్టాను, మర్చిపోలేదు. ఇంకా వంతెన అవతల నిలబడి ఉన్న సౌత్ డకోటా ప్లౌ డ్రైవరు. ఆయన ముఖం కూడా చూడలేదు నేను. ఫోన్ పెట్టకుండా నాలుగు గంటలు మాతోనే ఉన్న డిస్పాచ్ అమ్మాయి కూడా.

ఇప్పుడే ఇంకో ఫోటో వచ్చింది. ఈ టైమ్‌లో ఆయన ప్లౌకి బయల్దేరతాడు. ఎండిన రెండు కొమ్మల పక్కన చిన్న చిగురు. నర్సు పాలు పట్టే టైమయిందని పిలుస్తోంది. ఉంటాను.