ఆ పదకొండు సెకన్ల వీడియో గురించి, మన జూడో తరగతి గురించి

పాఠశాల వార్తాలేఖ – అక్టోబరు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తరువాత ఈ నెల లేఖను తీరికగా రాద్దామనుకున్నాను. అయితే పోయిన గురువారం సాయంత్రం మన గేటు ముందు వ్యాన్లు ఆగే చోట ఏడవ తరగతి పిల్లలిద్దరి మధ్య జరిగిన ఘటన వీడియోగా మారి, శుక్రవారం తెల్లవారేసరికి మీ వాట్సాప్ గ్రూపులన్నింటినీ చుట్టివచ్చి, శనివారానికి చెన్నై పశ్చిమ మాంబళం కూరగాయల అంగళ్ల దాకా చేరింది గనుక ముందుగా ఆ సంగతే రాయవలసి వస్తున్నది.

మీరందరూ చూసిన వీడియో నిడివి పదకొండు సెకన్లు. ఒక అబ్బాయి మరొక అబ్బాయిని తుంటి మీదుగా ఎత్తి సిమెంటు నేల మీద పడవేసి, మెడ చుట్టూ చెయ్యి వేసి అదిమిపట్టడంతో అది ఆగిపోతుంది. ఆ ఇద్దరి తల్లిదండ్రులతో, పీఈటీ మాస్టరుతో, జూడో మాస్టరుతో కలిసి నేను చూసినది మన గేటు కెమెరాలోని పూర్తి దృశ్యం. అందులో పడవేయడానికి ముందు రెండవ అబ్బాయి మూడుసార్లు సంచి పట్టీ లాగడమూ, నీళ్ల సీసా తీసి గోడ అవతలికి విసరడమూ ఉన్నాయి. మీ వీడియో ఆగిపోయిన తరువాత జరిగినదీ ఉన్నది. కింద ఉన్న అబ్బాయి అరచేతితో పైవాడి వీపు మీద రెండుసార్లు తట్టాడు. రెండవ తట్టు పూర్తి కాకముందే పైవాడి చెయ్యి విడిపోయింది. ఆపైన ఇద్దరూ లేచి, ఏం చేయాలో తోచక, తరగతిలో అలవాటైన ప్రకారం ఎదురెదురుగా నిలబడి నడుము వంచి నమస్కరించుకున్నారు. అది చూసి పీఈటీ మాస్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను ఆపుకున్నాను.

పడవేసిన అబ్బాయి చేసినది తప్పు. పట్టు చాప మీదనే వేయాలి, ఒప్పుకొన్న జోడీతోనే వేయాలి అన్నది మొదటి రోజు చెప్పే నియమం, దానిని అతడు మీరాడు. అందుచేత సంక్రాంతి వరకు అతనికి జోడీ సాధన ఉండదు. రోజూ ముందుగా వచ్చి చాపలు పరచడం, చివర తుడిచి చుట్టిపెట్టడం, మధ్యలో పడటం మాత్రమే సాధన చేయడం అతని పని. సీసా విసిరిన అబ్బాయికి కూడా అదే పని. ఇద్దరి ఇళ్లలోనూ దీనికి ఒప్పుకున్నారు. మరి సిమెంటు మీద పడిన పిల్లవాడికి మోచేతి దగ్గర చర్మం గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదేమిటని డాక్టరుగారు అడిగారు. పడుతున్నప్పుడు ఆ అబ్బాయి గడ్డం రొమ్ముకు ఆనించుకొని తల నేలకు తగలనీయలేదు, చెయ్యి ముందుకు చాచకుండా పక్కకు చరిచాడు. ఏడాదిన్నరగా ఆ తరగతిలో అతడు వందలసార్లు చేసినదే అది.

ఈ నాలుగు రోజులలో "ఆ తరగతి ఆపివేయండి" అని నాకు వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. తరగతి ఆగదు. ఎందుకు ఆగదో చెప్పే బాధ్యత నాకున్నది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

పడటం నేర్చుకోవడం ఎంత అవసరమో నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు. 2012 నవంబరు వానలలో మాంబళం స్టేషను మెట్ల మీద జారినప్పుడు, పడబోయే మనిషి ఎవరైనా చేసేదే నేనూ చేశాను, కుడిచెయ్యి ముందుకు చాచాను. ఒంటి బరువంతా ఆ అరచేతి మీద పడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. అప్పట్లో తొమ్మిదవ తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్న నేను ఎడమచేత్తో బోర్డు మీద రాసిన అక్షరాలను పిల్లలు చాలాకాలం అనుకరించి చూపించేవారు. కట్టు విప్పిన డాక్టరుగారు "మళ్లీ ఎప్పుడైనా పడతారు, ఈసారి చెయ్యి చాచకండి" అన్నారే గాని, చాచకుండా ఎలా పడాలో చెప్పలేదు.

అది నేర్పేవారు ఎవరని వాకబు చేయగా, మా ఇంటికి దగ్గరలోని ఒక ఆటస్థలం పక్క హాలులో సాయంత్రం పూట జూడో నేర్పుతున్నారని తెలిసింది. నలభై నాలుగేళ్ల వయసులో, చీర తప్ప వేరే ఎరగని నేను, మందపాటి తెల్లదుస్తులు కట్టుకొని పదేళ్ల పిల్లల వరుసలో చివర నిలబడ్డాను. మాస్టరుగారు అరవై దాటిన తమిళుడు, మితభాషి. మొదటి నెలంతా ఆయన నాతో అన్నది ఒకే మాట, "విళుంగ, మేడమ్". తమిళంలో ఆ మాటకు పడండి అనీ అర్థం వస్తుంది, మింగడానికి అనీ అర్థం వస్తుంది. దిగమింగవలసినది నాకు చాలానే ఉండేది కనుక రెండర్థాలూ సరిపోయాయి.

ముందు కూర్చుని వెనక్కి పడాలి, తరువాత గొంతుకు కూర్చుని, ఆ తరువాత నిలబడి. చూపు నడుము దగ్గరి బెల్టు ముడి మీద నిలిపితే గడ్డం దానంతట అదే లోపలికి వస్తుంది, తల వెనుకభాగం నేలకు తగలదు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉంచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒక్కసారిగా చాపను చరవాలి. దెబ్బ ఒక్క ఎముక మీద పడకుండా చెయ్యంతటికీ పంచబడుతుంది. దీనిని జపానువారు ఉకేమి అంటారు. నాకు జోడీగా వచ్చిన తొమ్మిదేళ్ల పాప నేను పడ్డ ప్రతిసారీ "ఆంటీ, తల! తల!" అని హెచ్చరించేది. నా ఇరవై ఏళ్ల బోధనానుభవంలో అంత ఓపికగల ఉపాధ్యాయురాలిని చూడలేదు.

మూడవ నెలలో ఒక కాలేజీ అమ్మాయి నన్ను కెసా గతామె పట్టులో, అంటే మెడ చుట్టూ చెయ్యి వేసి చాపకు అదిమే పట్టులో, అదిమిపట్టింది. ఊపిరి అందడం లేదు. రెండుసార్లు తడితే వదిలేస్తుంది, అది నాకు తెలుసు. అయినా తట్టలేదు. పిల్లల ముందు ఓడిపోవడానికి మనసొప్పలేదు. మాస్టరుగారే వచ్చి విడిపించారు, ఒక్క మాట అనలేదు. నన్ను చాప మీద కూర్చోబెట్టి, యాభైసార్లు చాపను తట్టమన్నారు. "అర్థం కాకపోతే చెయ్యెత్తి అడగండి" అని పిల్లలకు రోజూ చెప్పే నాకు, "చాలు, వదులు" అని చెప్పడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది. గురువారం సిమెంటు మీద పడిన పిల్లవాడు, చుట్టూ ఇరవై మంది కేకలు వేస్తుండగా, పరువుకు పోకుండా తట్టాడు. కోపంతో ఊగిపోతున్న పైవాడు ఆ తట్టును లెక్కచేసి వదిలాడు. వీడియో తీసిన పెద్దమనిషి సరిగ్గా అక్కడికి ముందే ఫోను దించేశారు. నాకు ఆకుపచ్చ బెల్టు దాకా వచ్చింది, నలుపు నా జాతకంలో లేదు, యాభై దాటాక మోకాళ్లు ఒప్పుకోలేదు. అయినా 2019లో తడిసిన వరండాలో పిల్లల ముందే జారి వెనక్కి పడినప్పుడు, లేచి చీర దులుపుకొని తరగతికి వెళ్లగలిగాను.

"మనవాళ్ల చదువుల బడిలో ఈ కొట్లాట విద్యలెందుకు" అని రాసిన తండ్రిగారికి ఒక మనవి. జూడోను రూపొందించిన జిగోరో కానో బడిపంతులే. ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయానికి చాలా ఏళ్లు అధిపతిగా ఉన్నారు. చిన్నప్పుడు బక్కపలచగా ఉండి తోటి విద్యార్థుల చేతిలో దెబ్బలు తిన్న ఆయన, 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కొదోకాన్ అనే జూడో శిక్షణాలయాన్ని ప్రారంభించారు. 'జూ' అంటే మెత్తదనం, 'దో' అంటే మార్గం. కరాటేను ఒకినావా నుంచి 1922లో టోక్యోకు తెచ్చిన గిచిన్ ఫునాకోషీ కూడా ఉపాధ్యాయుడే, కరాటేలో తొలి దెబ్బ మనది కాదని బోధించినవాడు. అంత దూరం ఎందుకు? మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుగారు వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొందినది మన పక్కనే ఉన్న సైదాపేటలో. ఆ తరువాతే విజయనగరం వెళ్లి తాను చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు. మన తాతల ఊళ్లలో బడి లేని చోట కూడా సాము గరిడీ ఉండేది.

ఇక ఈ విషయంలో నన్ను నిజంగా బాధపెట్టేది ఆ వీడియో కాదు. మూడు నుంచి ఐదు తరగతుల జూడోలో ఆడపిల్లలూ మగపిల్లలూ సగం సగం ఉంటారు. తొమ్మిదవ తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "పెద్దదైంది కదండీ" అని ఒక తల్లిగారు మానిపిస్తారు, "నల్లబడుతుంది" అని ఇంకొకరు (జూడో నీడలో, ఫ్యాను కింద జరుగుతుందని మనవి), "లెక్కలలో మార్కులు తగ్గాయి" అని మరొకరు. లెక్కలలో మార్కులు తగ్గిన మగపిల్లవాడిని క్రికెట్ మానిపించిన ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఉత్తర చెన్నైలో పుట్టి పెరిగిన భవానీ దేవి 2004లో తన బడిలో మిగతా ఆటలలో చోట్లు నిండిపోవడంతో ఫెన్సింగ్‌లో చేరింది. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఫెన్సింగ్‌లో పాల్గొన్న తొలి వ్యక్తి ఆమె, మొదటి పోటీ 15-3 తేడాతో గెలిచింది కూడా. ఆమె ఇంట్లో ఎవరైనా "పెద్దదైంది కదా" అని ఉంటే ఏమయ్యేదో ఒక్క నిమిషం ఆలోచించండి. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులోనే ఆడపిల్లకు ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో తెలియాలి, గట్టిగా అరిచే గొంతు ఉండాలి, పడినా లేవగలనన్న నమ్మకం ఒంటికి ఉండాలి. సరిగ్గా ఆ వయసులోనే మనం ఆమెను ఇంట్లో కూర్చోబెడుతున్నాము. ఈ మాట నేను పదవీ విరమణ చేసేదాకా ప్రతి లేఖలోనూ రాస్తాను, విసుగనిపిస్తే మన్నించండి.

మిగిలిన ఆ కొద్దిమందిలో ఒక అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను. నెల్లూరు వైపు నుంచి వచ్చిన తాతగారి దగ్గర కర్రసాము, ఇక్కడి ఆశాన్ (గురువు) దగ్గర తమిళుల కర్రసాము అయిన సిలంబం రెండూ నేర్చుకున్న మన తొమ్మిదవ తరగతి విద్యార్థిని, ఆయుధపూజ నాడు ప్రయోగశాల పరికరాల పక్కన తన వెదురు కర్రకూ బొట్టు పెట్టి, పూజ కాగానే దానిని అందుకొని తిప్పడం మొదలుపెడితే, కర్ర కనిపించలేదు, గాలి చప్పుడే వినిపించింది. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా క్రీడలలో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చినప్పటి నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. అలాగే ఒక ఐదవ తరగతి అబ్బాయి ఉన్నాడు. వినికిడి తక్కువ కావడంతో ఆటలలో కేకలు అందక ఎప్పుడూ ఒక అడుగు వెనుకబడేవాడు. జూడోలో ఆపమని చెప్పేది చేతి తట్టు కనుక అక్కడ అందరికంటే ముందు స్పందించేది అతడే. చెవిలో యంత్రం తీసి జేబురుమాలులో చుట్టి నా చేతికి ఇచ్చి చాప ఎక్కుతాడు. అది పట్టుకొని నిలబడే పనికి నేను ఎవరినీ రానివ్వను.

ఇక కొన్ని ఇంటి విషయాలు, ఎంతో గౌరవంతో. బంధువులు వచ్చినప్పుడు "ఏదీ, మామయ్యకు ఒక పట్టు వేసి చూపించు" అని దయచేసి పిల్లలను అడగకండి; చాప లేని చోట పట్టు వేయవద్దని మేము వారమంతా చెప్పినది ఆదివారం మీ హాలులో పోతున్నది. "నాలుగు నెలలయింది, బెల్టు రంగు ఎప్పుడు మారుతుంది" అని ప్రతి నెలా ఫోను చేసే తల్లిదండ్రులకు, ఈ రంగులు ఐరోపాలో తరువాత వచ్చి చేరినవని, కానో మొదట పెట్టినవి తెలుపు, నలుపు మాత్రమేనని గుర్తుచేస్తున్నాను. మూడున్నరకు గేటు దగ్గర రెండు పరోటాలు తినిపించి నాలుగింటికి చాప మీదికి పంపితే ఏమవుతుందో ఆ చాప తుడిచేవారికి తెలుసు. పన్నెండేళ్ల పిల్లవాడి బెల్టు కట్టడానికి తల్లి లోపలికి రానక్కరలేదు, వాడు కట్టుకోగలడు. ఏ వీడియో అయినా నలుగురికి పంపే ముందు బడికి ఒక ఫోను చేయండి. మా నెంబరు డైరీ మొదటి పేజీలోనే ఉన్నది, పదేళ్లుగా మారలేదు.

అర్ధసంవత్సర పరీక్షల పట్టిక వచ్చే నెల డైరీలో అంటిస్తాము, రెండవ విడత ఫీజుకు నెలాఖరు గడువు, వాన రోజులలో వ్యాను ఆలస్యమైతే డ్రైవరుకు కాక ఆఫీసుకు ఫోను చేయండి.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు భోజనశాలలో బల్లలు పక్కకు జరిపి చాపలు పరుస్తాము. గేటు కెమెరాలోని దృశ్యం మొదటి నుంచి చివరి దాకా, ఆ రెండు కుటుంబాల అనుమతితో, అక్కడ చూపిస్తాము. ఆ తరువాత తరగతి ఆపాలన్న తల్లిదండ్రులకు, ఆపవద్దన్న తల్లిదండ్రులకు కూడా మాస్టరుగారు వెనక్కి పడటం నేర్పుతారు. ముందుగా నేను పడి చూపిస్తాను. వదులు దుస్తులు వేసుకోండి, చీరతో వచ్చేవారు మార్చుకోవడానికి సల్వార్ తెచ్చుకోండి, ఉంగరాలు, గాజులు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి. ఉదయం ఇడ్లీ ఒకటి రెండుకు మించి వద్దు. గోళ్లు కత్తిరించుకొని రావలెను. ఈ మాట పిల్లల డైరీలలో ఈ ఏడాది నేను రాయని వారం లేదు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయిని