న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు ఉన్నవాళ్లకు: పిడుదుల (టిక్స్) సీజన్

అందరికీ నమస్కారం. మే నుంచి జులై దాకా తిరిగే నల్లకాళ్ల పిడుదు పిల్లలు గసగసాల గింజంతే ఉంటాయి, కరిచినా తెలియదు. పెరట్లోనో ట్రెయిల్‌లోనో తిరిగొచ్చాక మోకాలి వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టు కుదుళ్లలో వెతకండి. బట్టలు ఉతక్కముందే డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. గోరువెచ్చటి నీళ్లకు అవి చావవు.

పట్టుకుని ఉంటే సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. కిరసనాయిలు, వాజలీన్, అగ్గిపుల్ల చిట్కాలు వద్దు, అదే ఊడుతుందని ఆగడమే నష్టం. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కడానికి సాధారణంగా 24 గంటలకు పైనే పడుతుంది; పిడుదులే మోసే అరుదైన పొవాసన్ వైరస్‌కైతే 15 నిమిషాలు చాలు.

రక్తం తాగి ఉబ్బిన పిడుదైతే, తీసిన 72 గంటల్లోపు డాక్టర్‌ను అడగండి. లైమ్ రాకుండా ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు. కరిచిన 3 నుంచి 30 రోజుల్లో వచ్చే లైమ్ పాకే మచ్చ మన చామనఛాయ మీద ఎర్రగా తేలకపోవచ్చు. మొదటి వారాల్లో రక్తపరీక్ష నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు, యాంటీబాడీలు అప్పటికింకా తయారుకాకపోవచ్చు.