మాట 43.46 లక్షలు, కాస్ట్ షీట్ 47.75 లక్షలు: ఫ్లాట్ 302పై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: బేరం కుదిరిన ధరకు మించి చార్జీలు వేయడం, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకముందే 20 శాతం అడగడం గురించి.

అయ్యా,

హన్మకొండలో భీమారం దాటాక మీరు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, తూర్పు ముఖం, 302 నంబరు ఫ్లాటును మేము బుక్ చేసుకున్నాం. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని, మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. పన్నెండేళ్ళుగా కిరాయి ఇంట్లోనే ఉంటున్నాం. ఇల్లు కొనడం మాకు ఇదే మొదటిసారి. ఆ సంగతి మీ సేల్స్ మేనేజర్‌కు మొదటి రోజే చెప్పాం. ఇప్పుడు అనిపిస్తోంది, చెప్పకపోతేనే బాగుండేదని.

రేటు ఎస్ఎఫ్‌టీకి (చదరపు అడుగుకు) 4,300 అన్నారు. మూడు ఆదివారాలు తిరిగాం. మూడోసారి మా అత్తమ్మను కూడా తీసుకొచ్చాం. ఆమె వంటింట్లో నిలబడి, "గీ కిటికీ తెరిస్తే పక్కింటోళ్ల గోడే కనవడుతది, దీనికి గంత రేటా?" అని గట్టిగా అడిగాక మీ మేనేజర్ 4,100కు దిగారు. 1,060 ఎస్ఎఫ్‌టీకి 43,46,000. "పార్కింగ్, అమెనిటీస్ అన్నీ ఇందులోనేనా?" అని నేను రెండుసార్లు అడిగాను. ఆయన బ్రోచర్ వెనక పచ్చ ఇంకు పెన్నుతో "4100, అన్నీ కలిపి, 43.46" అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. కింద సంతకం పెట్టమంటే, "మాట మీద నమ్మకం లేదా మేడమ్?" అన్నారు. మొహమాటపడి ఊరుకున్నాం. అదే రోజు ఫోన్‌లో లక్ష రూపాయలు టోకెన్ కట్టాం. ఆ కాగితం ఫొటో, చెల్లింపు రసీదు ఈ లేఖకు జతపరిచాను.

పది రోజులకు కాస్ట్ షీట్, అంటే ధరల వివరాల పట్టిక, వచ్చింది. ఫ్లాట్ 43,46,000 అలాగే ఉంది. దాని కింద కార్ పార్కింగ్ 2,00,000, తూర్పు ముఖానికి ఎస్ఎఫ్‌టీకి 75 చొప్పున 79,500, అమెనిటీస్ 1,50,000. మొత్తం 47,75,500. మా అత్తమ్మ తగ్గించింది 2,12,000, మీరు కలిపింది 4,29,500. తగ్గించినదానికి రెట్టింపు వడ్డించారన్నమాట.

అంతటితో ఆగితే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదు. అసలు దెబ్బ జీఎస్టీ దగ్గర పడింది. మెట్రో కాని ఊళ్ళలో కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్లలోపు, ధర 45 లక్షలలోపు ఉంటే నిర్మాణంలో ఉన్న ఇంటికి జీఎస్టీ 1 శాతం. ఆ గీత దాటితే 5 శాతం. మా ఫ్లాటు కార్పెట్ ఏరియా మీ ప్లాన్ ప్రకారమే 760 ఎస్ఎఫ్‌టీ, అంటే 71 చదరపు మీటర్ల లోపే. కానీ ఆ 45 లక్షలు లెక్కపెట్టేటప్పుడు పార్కింగ్, ఫేసింగ్ లాంటి చార్జీలన్నీ కలుపుతారు. కాబట్టి మమ్మల్ని గీత దాటించింది మీ అదనపు చార్జీలే. 43,460 కావాల్సిన జీఎస్టీ 2,38,775 అయింది. మీ చేతికి వచ్చేది 4,29,500, మా చేతి నుంచి పోయేది 6,24,815. మధ్యలో తేడా దాదాపు రెండు లక్షలు మీకూ దక్కదు, మాకూ దక్కదు.

బ్యాంకు ధరలో 80 శాతానికి మించి ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, జీఎస్టీ కూడా మా జేబు నుంచే. మాట్లాడుకున్న ధరకైతే సొంతంగా 12 లక్షల 40 వేలు చాలు. చిట్టీ ఎత్తి, నా గాజులు తాకట్టు పెట్టి దానికి సిద్ధమయ్యాం. మీ కాస్ట్ షీట్ ప్రకారం పదిహేనున్నర లక్షలు దాటుతుంది.

ఇదంతా మీ మేనేజర్‌కు వివరిస్తే ఆయన ఇచ్చిన సలహా ఇంకా ఘోరం. "ఆ నాలుగు లక్షల ముప్పై వేలు క్యాష్ ఇయ్యండి, కాగితం మీద 45 లోపే చూపిద్దాం" అన్నారు. మేమిద్దరం జీతాల మీద బతికేవాళ్ళం, మా దగ్గర నల్లడబ్బు ఎక్కడిది? స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం పెనాల్టీ పడుతుందని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఆయనకు మీరే చెప్పండి.

ఇక ఆ రెండు లక్షల పార్కింగ్ చూసొచ్చాం. వెనక ప్రహరీ పక్కన ఆకాశం కింద, సున్నంతో గీసిన ఒక గడి. దాంట్లో ఇంకా సగం ఇసుక కుప్పే ఉంది, పైన కుక్క పడుకొని ఉంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఓపెన్ పార్కింగ్ స్థలాన్ని ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. అందరికీ చెందిన జాగాను మాకొక్కరికే ఎట్లా అమ్ముతారు? అదే చట్టం ఫ్లాటును కార్పెట్ ఏరియా లెక్కన అమ్మమంటుంది. మీ కాస్ట్ షీట్‌లో ఎక్కడా 760 అనే అంకె లేదు. 1,060లో మిగతా 300 లిఫ్టు, మెట్లు, కారిడార్‌ల వాటా అని ప్లాన్ చూసి మేమే తెలుసుకున్నాం.

చివరగా, ఈ నెలాఖరులోగా 20 శాతం, అంటే 9,55,100 కట్టకపోతే బుకింగ్ రద్దు చేసి, టోకెన్‌లో 50 వేలు కోసుకుంటామని మెసేజ్ పెట్టారు. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. మా అగ్రిమెంట్ డ్రాఫ్టు కూడా ఇంతవరకు మాకు చూపించలేదు.

మాకు ఫ్లాటు వద్దని కాదు. మా పాపకు ఆ బాల్కనీ నచ్చింది, బడికి దగ్గర. 43,46,000కు అన్నీ కలిపి, కార్పెట్ ఏరియా స్పష్టంగా రాసి, 1 శాతం జీఎస్టీతో కొత్త కాస్ట్ షీట్ ఇవ్వండి. ముందు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయండి, ఆ రోజే మిగతా అడ్వాన్సు చెక్కు ఇస్తాం. అది కుదరదంటే లక్ష రూపాయల టోకెన్ ఒక్క పైసా కోత లేకుండా తిరిగి పంపండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ చట్టం కింద ఏర్పడిన తెలంగాణ రెరా సంస్థలో ఫిర్యాదు వేస్తాం. పచ్చ ఇంకు కాగితం అసలు ప్రతి మా దగ్గరే భద్రంగా ఉంది.

ఇట్లు,
ఫ్లాట్ 302 బుక్ చేసుకున్న దంపతులు
హన్మకొండ

జతపరచినవి: బ్రోచర్ వెనక రాత ఫొటో, టోకెన్ రసీదు, కాస్ట్ షీట్, మీ కార్యాలయం పంపిన మెసేజ్ ప్రతి.