రెండో బ్లాక్ నెట్ సంగతి

అందరికీ నమస్కారం. వేదాయపాళెంలో మన రెండో బ్లాక్‌కి నెట్ పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. మోడెమ్ మీద ఎర్ర లైటు అలా వెలుగుతూనే ఉంది. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనడమే గానీ మనిషి గొంతు వినపడితే ఒట్టు.

నిన్న సాయంత్రం వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే మెసేజ్ వచ్చింది: "మా టెక్నీషియన్ వచ్చారు, ఇంటికి తాళం వేసి ఉంది, ఫిర్యాదు ముగించాం." తలుపు బార్లా తీసుంది, వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు! బిల్లు మాత్రం ఒకటో తేదీ పొద్దున్నే ఠంచనుగా కట్ అయింది.

విడివిడిగా అరిచి లాభం లేదు. మీ మీ కంప్లైంట్ నంబర్, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి. నంబర్ ఉంటేనే కంపెనీలోనే తేలని ఫిర్యాదుల మీద అప్పీలు వినే అప్పీలేట్ అథారిటీకి వెళ్లగలం, దానికి ఫీజు లేదు. టెలికాం కంపెనీల నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాద్దామని మూడో అంతస్తు మాస్టారు అన్నారు గానీ, ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ విచారించదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి మాత్రం చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు.

అక్కడా తేలకపోతే నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, లాయరూ తప్పనిసరి కాదు.

ఆదివారం పదింటికి పార్కింగ్‌లో కూర్చుందాం. అప్పటిదాకా గుడ్ మార్నింగ్ పూలు ఆపండి, స్క్రీన్‌షాట్లు పైకి పోతున్నాయి.