సాక్షులు దొరకని వీలునామాలు

సంపాదకుడు గారికి,

“వీలునామా రిజిస్టర్ చేయించేశాను, ఇక బెంగ లేదు” అని మా పెన్షనర్ల సంఘంలో చాలామంది అంటుంటారు. ఆ ధీమా చూస్తేనే నాకు బెంగ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాను రిజిస్టర్ చేయించడం మన ఇష్టం, తప్పనిసరి కాదు. స్టాంపు పేపరూ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. లేకపోతే కుదరనిది ఇద్దరు సాక్షులు. రాసినవారు సంతకం పెడుతుంటే చూసో, ‘ఇది నా సంతకమే’ అని వారి నోట వినో, వారి ఎదుటే సాక్షులూ సంతకం చేయాలంటుంది 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్. మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది సరిగ్గా దీన్నే.

ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా ఓ పూట నిలబడి చూడండి. కాగితాలన్నీ సిద్ధమయ్యాక డాక్యుమెంట్ రైటర్ “సాక్షులేరండీ?” అంటాడు. పెద్దాయన బిక్కమొహం వేస్తాడు. పక్క టీకొట్టు దగ్గర్నుంచి ఎవరో వస్తారు. ఆధార్ జిరాక్సు జేబులోనే ఉంటుంది. సంతకం గీకి, చేతిలో పెట్టిన నోటు మడుచుకుని వెళ్లిపోతారు. అమ్మకం దస్తావేజుకైతే ఈ పద్ధతి ఎలాగో గడిచిపోతుంది, గొడవొస్తే చెప్పడానికి అమ్మినవాడు ఉంటాడు. వీలునామా బయటపడే నాటికి రాసినాయనే ఉండడు. తగాదా కోర్టుకెక్కితే, సాక్షుల్లో ఒక్కరైనా బతికుండి అందుబాటులో ఉంటే బోనెక్కించాల్సిందే. రిజిస్టర్ అయింది కదా అంటే జడ్జి ఒప్పుకోరు. ఇద్దరూ దొరక్కపోతే రాసినాయన చేవ్రాలుతో పాటు ఒక సాక్షి చేవ్రాలైనా అసలుదేనని రుజువు చేయాలి. టీకొట్టు దగ్గరి మనిషి చేవ్రాలు పదిహేనేళ్ల తర్వాత గుర్తుపట్టేదెవరు? పైగా ఆస్తిలో సింహభాగం దక్కే కొడుకే దగ్గరుండి రాయించి ఉంటే, ఆ అనుమానాలన్నీ తీర్చాల్సిన భారం అతని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది.

ఫీజుకు జంకి వకీలు గడప తొక్కం. కానీ పనితనం ఉన్న వకీలు అడిగే ప్రశ్నలు వేరు. ఇది స్వార్జితమా, పిత్రార్జితమా? పిత్రార్జితమైతే మీ వాటా వరకే రాయగలరు. ఇంతకుముందు ఎక్కడైనా రాశారా? చివరిదే చెల్లుతుంది, ముందుది రిజిస్టరైనా సరే. కూతురికి తక్కువ ఇస్తున్నారా, అయితే కారణం మీ మాటల్లోనే రాయండి. సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లను, ఊళ్లో అందరికీ తెలిసినవాళ్లను పిలవండి, మీకు వైద్యం చేసే డాక్టరు వస్తే మరీ మంచిది. వీలునామాను అమలు చేసే బాధ్యత ఎవరిదో ఎగ్జిక్యూటర్‌గా పేరు రాయండి, రేపు ప్రొబేట్, అంటే వీలునామా అసలుదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, అడిగే హక్కు ఆయనదే.

ప్రొబేట్ గురించీ ఒక మాట. కొన్ని బ్యాంకు శాఖలు, అపార్ట్‌మెంట్ సంఘాలు వీలునామా చూపగానే “ప్రొబేట్ తెచ్చుకోండి” అని తిప్పి పంపుతున్నాయి. హిందువుల వీలునామాల విషయంలో ఆ నిర్బంధం బ్రిటిష్ కాలంలో బెంగాల్ ప్రాంతం కోసం, మద్రాసు, బొంబాయి నగరాల కోసం పుట్టింది. హైదరాబాద్‌కు గానీ, విజయవాడకు గానీ అది ఎన్నడూ లేదు. వారసుల మధ్య పేచీ ఉన్నప్పుడు జిల్లా కోర్టులో ప్రొబేట్ తెచ్చుకోవడం మేలే. అయితే అది వీలునామా అసలుదని మాత్రమే తేలుస్తుంది, ఆ ఇల్లు చనిపోయినాయనదేనా కాదా అన్నది తేల్చదు. పేచీయే లేని ముసలమ్మను, భర్త డిపాజిట్ కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిప్పడం ఏం న్యాయం?

సాక్షుల నిబంధనలు తెలుగులో పెద్దక్షరాలతో రాసి ప్రతి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో బోర్డు పెట్టించాలని రిజిస్ట్రేషన్ శాఖను కోరుతున్నాను. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తమ వకీళ్లను నెలకోసారి పెన్షనర్ల సంఘాలకు పంపితే వీలునామాలు సవ్యంగా రాయించుకుంటాం. ఇక ప్రొబేట్ కావాలనే బ్యాంకు మేనేజర్లు, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా