విద్యాశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఎనిమిదో తరగతికి మీ శాఖ పంపిన ఆన్‌లైన్ భద్రత పాఠం చదివాను. "అపరిచితులతో మాట్లాడొద్దు" అని ఉంది. నెల రోజులు గేమ్‌లో కలిసి ఆడి, మెచ్చుకుని, ఆపైన వేరే యాప్‌లోకి రమ్మనేవాడు పిల్లలకు అపరిచితుడెలా అవుతాడండీ? "ఇంట్లో చెప్పకు" అంటాడు. ఫొటో అడుగుతాడు. అది చేతికందాక బెదిరింపులే.

మా పాప దుప్పటి కింద ఫోన్ పట్టుకుని వణికిపోవడం నేను కళ్లారా చూశాను. తిడతామన్న భయంతో మూడు వారాలు నోరు విప్పలేదు.

డబ్బు పంపొద్దని, చాట్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి బ్లాక్ చేయమని నేర్పించండి. 18 ఏళ్లలోపు వారి నగ్న చిత్రాలు, తనతో చేరిన సైట్లలో, యాప్‌లలో పాకకుండా అడ్డుకోవడానికి సాయపడే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. దీనికోసం ఫొటో మన ఫోన్ దాటక్కర్లేదు, ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్ లాంటి డిజిటల్ గుర్తు మాత్రమే ఆ సేవకు వెళ్తుంది. ఇది పాఠంలో చేర్చండి. ఆ తరగతికి తల్లిదండ్రులనూ పిలవండి. "చెప్తే తిట్టం" అని మేం పిల్లల ముందే మాటివ్వాలి.

ఇట్లు,
ఒక తల్లి