కొట్టే సీను ఉంచమన్నారు, ముద్దు సీను తీసేయమన్నారు

సినిమాల వ్యవహారాలు చూసే గౌరవ మంత్రి గారికి,

నమస్కారం. మా సినిమాలో సెన్సార్ బోర్డు వాళ్లు తీసేయమన్న సీను గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడూ రిజిస్టర్ పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకాలతో కార్డులు తిరిగొచ్చాయి కానీ జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే నాలుగోది అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ట్రాన్స్ మహిళని. పదకొండేళ్లు సెక్స్ వర్క్ చేశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మా బస్తీలో పన్నెండు మందిమి వేసుకున్న చిట్టీ ఎత్తి, ఆ డబ్బుతో 31 నిమిషాల సినిమా తీశాం. ఇద్దరు ఆడవాళ్ల కథ. ఒకామె ట్రాన్స్, ఒకామె కాదు, ఇద్దరూ సెక్స్ వర్కర్లే. తెల్లవారుజామున పని ముగించుకుని గదికొస్తారు. డబ్బు లెక్కపెట్టుకుంటారు, అద్దెకని కొంత పక్కన పెడతారు, వేన్నీళ్లు పోసుకుంటారు, రాత్రి మిగిలిన అన్నంలో పప్పుచారు కలుపుకుని ఒకే కంచంలో తింటారు. తర్వాత తలుపు వేసుకుంటారు. అప్పటిదాకా వాళ్ల ఒంటికి ఎవరెవరో రేటు కట్టారు. ఆ గదిలో మాత్రం ఆ ఒళ్లు వాళ్లది, ఆ సుఖం వాళ్లది. సినిమా అంతా దీని గురించే.

సినిమా చూసిన సెన్సార్ బోర్డు కమిటీ వాళ్లు నన్ను లోపలికి పిలిచారు. మా సినిమా మొదట్లో ఇంకో సీను ఉంది. కండోమ్ వాడమన్నందుకు కస్టమర్ ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొడతాడు. రెండు నిమిషాలుంటుంది. దాని మీద ఒక్క అభ్యంతరం కూడా లేదు మంత్రి గారూ. "చాలా సహజంగా ఉంది" అని ఒకాయన మెచ్చుకున్నారు కూడా. ఇద్దరు ఆడవాళ్లు ఇష్టపడి దగ్గరయ్యే ఏడు నిమిషాలు మాత్రం మొత్తంగా తీసేయమన్నారు. ఒళ్లు ఎక్కువ కనబడిందంటే ఏ షాటో, ఎన్ని సెకన్లో చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. సెకన్ల సంగతి కాదన్నారు. మరి దేని సంగతి అని అడిగితే, "చివర్లో వీళ్లు ఈ పని మానేస్తారా?" అని ఎదురు ప్రశ్న వేశారు. మానేయరు అన్నాను. "అయితే ఇందులో మెసేజ్ ఏముంది?" అన్నారు.

ఆ ప్రశ్న విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మమ్మల్ని సినిమాలో చూపించడం కొత్తేమీ కాదు కదా. హిజ్రా కనబడితే చప్పట్లు కొట్టించి నవ్విస్తారు. వేశ్య అయితే మంచిదని అనిపించుకోవడానికి హీరో ఒళ్లో ప్రాణాలు వదలాలి. పిల్లాపాపలు కూర్చుని చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. మేం ఏడిస్తే చూస్తారు, దెబ్బలు తింటే చూస్తారు, చస్తే చూస్తారు. ఒక్కసారి సుఖపడితే మాత్రం కత్తెర తీస్తారు. ఎందుకు? మాకు సుఖం ఉండకూడదా, ఉన్నా చెప్పుకోకూడదా?

ఆ సీను తీసిన రోజు గదిలో నలుగురమే ఉన్నాం. ఎక్కడ చెయ్యి వేయొచ్చు, ఎక్కడ వద్దు అని ముందురోజే కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఎవరు ఆపమన్నా వెంటనే కెమెరా ఆపాం. ఇద్దరికీ ఒకే కూలి ఇచ్చాం. షూటింగ్ అయ్యాక ఒకమ్మాయి నాతో అంది, "అక్కా, ఇన్నేళ్లలో నన్ను అడిగి నా ఒంటి మీద చెయ్యి వేసింది ఇక్కడే." ఆ ఏడు నిమిషాలనే ఇప్పుడు తీసి పారేయమంటున్నారు.

పిల్లలకు చూపించమని నేను అడగలేదు. 'ఏ' సర్టిఫికెట్ ఇవ్వండి, పద్దెనిమిది దాటినవాళ్లే చూస్తారు. సర్టిఫికెట్ ఇవ్వడం వరకే బోర్డు పని, కోతలు వద్దు అని కేంద్రం వేసిన దర్శకుడు శ్యామ్ బెనెగల్ గారి కమిటీ 2016లోనే చెప్పింది. పెద్దల సినిమాల్లోనే హెచ్చరికతో ఇంకో తరగతి పెట్టమని కూడా చెప్పింది. 2023లో చట్టం మార్చినప్పుడు పిల్లల వయసులను 7, 13, 16 అని విడగొట్టారు కానీ, ఆ తరగతి పెట్టలేదు. సెక్స్‌ని, అశ్లీలతని ఒకటిగా చూడకూడదని సుప్రీంకోర్టు 1970లో దర్శకుడు కె.ఎ.అబ్బాస్ గారి కేసులోనే అంది. ఆయన డాక్యుమెంటరీలో గొడవైంది కూడా బొంబాయి రెడ్‌లైట్ ఏరియా సీన్ల మీదే. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకో అంటారు. ఎక్కడికి పోవాలి? సెన్సార్ మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ని 2021లో రద్దు చేశారు. ఇక హైకోర్టే దిక్కు. వకీలు చెప్పిన ఫీజు మా చిట్టీ డబ్బు కంటే ఎక్కువ.

మన తెలుగులోనే ఇది ఒకసారి జరిగింది. తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి ఆడదాని కోరికను సిగ్గుపడకుండా 'రాధికా సాంత్వనము'లో రాసింది. దాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ గారు ఉన్నదున్నట్టు అచ్చు వేయిస్తే, అశ్లీలమని బ్రిటిష్ వాళ్లు నిషేధించారు. రాసినామె, అచ్చు వేయించినామె ఇద్దరూ, మమ్మల్ని చూపినట్టే లోకం వేలెత్తి చూపిన దేవదాసీ కులంలో పుట్టినవాళ్లే. టంగుటూరి ప్రకాశం గారు పూనుకుంటే గానీ ఆ నిషేధం పోలేదు. అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటిపోయాయి.

సెక్స్ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు గారు ఉన్నారు. ఆ రోజు బస్తీలో మేం స్వీట్లు పంచుకున్నాం. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరూ ఆడవాళ్లయినా సరే, ఇష్టపడి కలవడం నేరం కాదని 2018లోనే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. గదిలో నేరం కానిది తెర మీదికొచ్చేసరికి ఎట్లా తప్పయింది? ఇది కూడా రెండో అర్జీలో అడిగాను.

అయ్యా, నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆ ఏడు నిమిషాలు ఉంచండి. ఉంచలేమంటే కారణం కాగితం మీద రాసివ్వండి. అర్జీలకు జవాబు ఇప్పించండి. అప్పీలుకు మా లాంటివాళ్లు పోగలిగే చోటు ఒకటి మళ్లీ పెట్టండి. మా కథ చూసి తీర్పు చెప్పే బల్ల దగ్గర మాలో ఒక్కరినైనా కూర్చోబెట్టండి. అన్నిటికన్నా ముందు ఆ ఏడు నిమిషాలు ఉంచండి.

చిట్టీలో అందరికన్నా ఎక్కువ వేసింది మా గురువమ్మ. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, రెండు కళ్లకూ పొర వచ్చింది. "మన బొమ్మ ఎప్పుడు పడుద్దే?" అని వారం వారం అడుగుతోంది. ఏం చెప్పమంటారు? మీరే ఒకసారి సినిమా చూడండి మంత్రి గారూ. 31 నిమిషాలే. పిలిస్తే పెన్‌డ్రైవ్ పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక ట్రాన్స్ మహిళ,
హైదరాబాద్